బయాన్ అయిపోయాక తెరమీద ఏమొస్తుంది? వెబ్‌సైట్‌లో వీడియో పెట్టేవాళ్లు చూసుకోవాల్సిన సంగతులు

జుమా బయాన్‌ను వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టడం ఇప్పుడు చిన్న ఊళ్ల మస్జిదుల్లో కూడా మామూలైపోయింది. అదే వీడియోను మస్జిద్ వెబ్‌సైట్‌లోనో, మదర్సా పేజీలోనో, మన కుర్రాళ్లు నడిపే న్యూస్ సైట్‌లోనో పెడుతున్నారు. పెట్టడం రెండు నిమిషాల పనే. కోడ్ కాపీ చేసి పేస్ట్ చేస్తే సరిపోతుంది.

చిక్కంతా ఆ తర్వాతే. బయాన్ పూర్తయ్యీ అవకముందే అదే చట్రంలో సంబంధం లేని వీడియోల బొమ్మలు వరుసకట్టి వస్తాయి. పిల్లాడు సూరా నేర్చుకుంటూ మధ్యలో ఒక్క క్షణం ఆపితే చాలు, 'మరిన్ని వీడియోలు' అంటూ ఇంకేవో కనబడతాయి. అమ్మీ ఫోన్‌లో పేజీ తెరిస్తే వీడియో సగం తెర దాటి బయటికి పోతుంది. పేజీ తెరవగానే దానంతటదే మోగడం మొదలైతే పక్కన నమాజ్ చదివేవాళ్లకు ఇబ్బంది. మస్జిద్ పేరు మీద ఉన్న పేజీలో ఏం కనబడినా చూసేవాళ్లు అది మస్జిద్ చూపించిందనే అనుకుంటారు గానీ, యూట్యూబ్ చూపించిందని అనుకోరు.

'అది యూట్యూబ్ వాళ్ల చేతిలో ఉంది, మనమేం చేస్తాం' అంటారు చాలామంది. అందులో కొంత నిజం ఉంది. కానీ మన చేతిలో ఉన్నది కూడా తక్కువేం కాదు. ఏది మన చేతిలో ఉందో, ఏది లేదో విడివిడిగా చూద్దాం.

ఎంబెడ్ అంటే ఏమిటి?

వీడియోను మన సైట్‌లో 'ఎంబెడ్' చేయడం అంటే వీడియోను తెచ్చి మన దగ్గర దాచుకోవడం కాదు. మన గోడకు ఒక కిటికీ పెట్టుకోవడం లాంటిది. కిటికీ మనది, అందులోంచి కనబడేది యూట్యూబ్ వాళ్ల ఇల్లు. ఈ కిటికీని వెబ్ భాషలో ఐఫ్రేమ్ అంటారు. కిటికీ ఎంత వెడల్పు ఉండాలి, ఎప్పుడు తెరుచుకోవాలి, ఎక్కడి నుంచి చూపించాలి అన్నది మనం చెప్పొచ్చు. లోపలి ఇంటి పద్ధతులు మాత్రం వాళ్లవే.

ఎంబెడ్ కోడ్ కోసం కంప్యూటర్‌లో యూట్యూబ్ వీడియో తెరిచి, కింద 'షేర్' నొక్కి, అందులో 'ఎంబెడ్' ఎంచుకోవాలి. వచ్చే కోడ్‌లో ముఖ్యమైనది వీడియో చిరునామా. దాని చివర 11 అక్షరాల వీడియో గుర్తింపు ఉంటుంది. మనం చేసే మార్పుల్లో ఎక్కువ భాగం ఈ గుర్తింపు తర్వాతే చేర్చాలి.

చేర్చే పద్ధతి ఇదీ. మొదటి మాటకు ముందు ? గుర్తు పెట్టాలి. రెండో మాట నుంచి ప్రతిదాని ముందు & గుర్తు పెట్టాలి. మాటకూ దాని విలువకూ మధ్య = గుర్తు పెట్టాలి. కోడ్‌లో ఇప్పటికే ఒక ? గుర్తు ఉంటే మళ్లీ రెండోది పెట్టొద్దు, & తోనే కలపాలి. చాలామంది తప్పుపోయేది ఇక్కడే. అక్షరాలన్నీ ఇంగ్లీషు చిన్న బడి అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఈ వ్యాసంలో ఆ మాటల్ని పలికినట్టుగా తెలుగులో ఇస్తున్నాం.

ఈ కోడ్ ఎక్కడ పెట్టాలన్నది కూడా తెలియాలి. వర్డ్‌ప్రెస్‌లో ఊరికే యూట్యూబ్ లింక్ పేస్ట్ చేస్తే వీడియో వచ్చేస్తుంది గానీ, మనం చెప్పిన మార్పులు అందులో నిలుస్తాయన్న భరోసా లేదు. అందుకే 'కస్టమ్ హెచ్‌టీఎంఎల్' అనే బ్లాక్ తీసుకుని అందులో కోడ్ పెట్టండి. బ్లాగర్‌లో అయితే రాసే పెట్టెను 'హెచ్‌టీఎంఎల్ వ్యూ'కి మార్చి పెట్టండి. ఇంకో మాట. సొంత హోస్టింగ్‌లో నడిచే వర్డ్‌ప్రెస్‌లో ఆథర్, కంట్రిబ్యూటర్ స్థాయి వాళ్లు పెట్టిన ఐఫ్రేమ్ కోడ్‌ను సేవ్ చేసేటప్పుడు సిస్టమే తీసేస్తుంది. ఎడిటర్ లేదా అడ్మిన్ పెట్టాలి. 'నేను పెట్టాను, మాయమైంది' అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

అయిపోయాక వచ్చే వీడియోలు

అందరూ అడిగేది దీని గురించే. దీనికి వాడే మాట ఆర్-ఈ-ఎల్, విలువ 0. అంటే వీడియో గుర్తింపు తర్వాత ? గుర్తు, ఆర్-ఈ-ఎల్, = గుర్తు, సున్నా.

ఒకప్పుడు ఇలా రాస్తే చివర్లో వచ్చే వీడియోలు పూర్తిగా ఆగిపోయేవి. 2018 సెప్టెంబర్ 25 తర్వాత యూట్యూబ్ ఈ పద్ధతి మార్చింది. ఇప్పుడు సున్నా పెట్టినా సూచనలు ఆగవు. కాకపోతే అవి ఆ వీడియో ఏ ఛానల్‌దో ఆ ఛానల్ నుంచే వస్తాయి. పాత ట్యుటోరియళ్లు చూసి 'సున్నా పెట్టినా ఇంకా వస్తున్నాయే' అని తికమకపడేది ఇందుకే. అలాగే వీడియో పేరును దాచే పాత మాట కూడా 2018లోనే పోయింది. యూట్యూబ్ గుర్తును చిన్నగా చేసే మాట 2023 ఆగస్టు నుంచి పనిచేయడం లేదు. వాటిని ఇంకా కోడ్‌లో ఉంచుకున్నా నష్టం లేదు, లాభమూ లేదు.

దీన్నిబట్టి అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. ఏ వీడియో పెడుతున్నాం అన్నదే కాదు, ఏ ఛానల్ వీడియో పెడుతున్నాం అన్నది కూడా చూడాలి. ఒక మంచి నాత్ దొరికిందని తీసుకున్నాం. ఆ ఛానల్‌లో నాత్‌లతో పాటు సినిమా పాటలూ, కామెడీ క్లిప్పులూ ఉన్నాయనుకోండి. సున్నా పెట్టినా మన మదర్సా పేజీలో కనబడేవి అవే. అందుకే ఎంబెడ్ చేసేముందు ఆ ఛానల్ పేజీ ఒకసారి తెరిచి పైనుంచి కిందికి చూడండి. మస్జిద్ బయాన్‌లైతే మస్జిద్ సొంత ఛానల్‌లోనే పెట్టడం మేలు. అప్పుడు చివర్లో వచ్చే సూచనలు కూడా మన పాత బయాన్‌లే అవుతాయి. వినేవాళ్లు ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తారు, ఇబ్బంది కాస్తా సదుపాయమవుతుంది.

ఇంకో దారి ప్లేలిస్ట్. ఖుర్ఆన్ 30 పారాల తర్జుమా వరుసగా ఉంటే, ఒక్కో వీడియో కాకుండా మొత్తం ప్లేలిస్ట్‌నే ఎంబెడ్ చేయొచ్చు. ఒకటి అయిపోగానే మనం పేర్చిన వరుసలో తర్వాతది వస్తుంది. 

పిల్లలు ఒకే సూరాను మళ్లీ మళ్లీ వినాలంటే 'లూప్' అనే మాట ఉంది, విలువ 1. ఒకే వీడియోకి ఇది ఒక్కటే సరిపోదు. దానితో పాటు 'ప్లేలిస్ట్' అనే మాట రాసి, దానికి విలువగా అదే వీడియో గుర్తింపును మళ్లీ ఇవ్వాలి. అప్పుడు అయిపోగానే మొదటికి వస్తుంది, మధ్యలో వేరే బొమ్మలకు చోటుండదు.

ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి

లైవ్ రికార్డింగుల్లో మొదటి పది పదిహేను నిమిషాలు మైకు సర్దడం, జనం వచ్చి కూర్చోవడం ఉంటుంది. పెద్దవాళ్లకు వీడియోను ముందుకు జరపడం కష్టం. 'స్టార్ట్' అనే మాటతో ఎక్కడ మొదలవ్వాలో, 'ఎండ్' అనే మాటతో ఎక్కడ ఆగాలో చెప్పొచ్చు. రెండూ సెకన్లలోనే ఇవ్వాలి. బయాన్ 14 నిమిషాల 30 సెకన్ల దగ్గర మొదలైతే 14ను 60తో గుణించి 30 కలపాలి, 870 వస్తుంది. 41వ నిమిషంలో దువా పూర్తయితే ఆపేచోటు 2460. ఈ రెండు సంఖ్యలు ఇస్తే చాలు, వీడియోను కత్తిరించే పనే ఉండదు.

ఎండ్ లెక్క కూడా ప్లేయర్ మొదలైన చోటు నుంచి కాదు, అసలు వీడియో ఆరంభం నుంచే వేయాలి. ఇది గుర్తుంచుకోండి.

దానంతటదే మోగకుండా

'ఆటోప్లే' విలువ 1 ఇస్తే పేజీ తెరవగానే వీడియో నడవాలి. కానీ 2018 నుంచి క్రోమ్ లాంటి బ్రౌజర్లు శబ్దంతో దానంతటదే మోగే వీడియోలను చాలావరకు అడ్డుకుంటున్నాయి. 'మ్యూట్' విలువ కూడా 1 ఇస్తే శబ్దం లేకుండా నడుస్తుంది. పెళ్లి హాలు, దుకాణం సైట్లకు అది పనికొస్తుందేమో. బయాన్‌కీ, తిలావత్‌కీ శబ్దం లేకుండా ఏం లాభం?

ఇంకో కారణం కూడా ఉంది. ఆటోప్లే పెడితే చూసేవాడు ఏమీ నొక్కకుండానే, పేజీ తెరిచిన క్షణం నుంచే వీడియోకు సంబంధించిన సమాచార సేకరణ మొదలవుతుంది. డేటా ఖర్చు సరేసరి. వినాలనుకున్నవాళ్లు నొక్కి వింటారు. ఆటోప్లే పెట్టకపోవడమే మర్యాద.

ఐఫోన్‌లో వీడియో నొక్కగానే తెరంతా ఆక్రమించుకోకుండా పేజీలోనే నడవాలంటే 'ప్లేస్‌ఇన్‌లైన్' విలువ 1 ఇవ్వాలి. కింద తర్జుమా రాసిపెట్టి, పైన తిలావత్ వినిపించే పేజీలకు ఇది చాలా అవసరం. వింటూ చదవొచ్చు.

ఫోన్ తెరకు సరిపోయేలా

యూట్యూబ్ ఇచ్చే కోడ్‌లో వెడల్పు 560, ఎత్తు 315 అని ఉంటుంది. కంప్యూటర్‌లో బాగానే ఉంటుంది. మన ఇళ్లలో ఎక్కువమంది చూసేది ఫోన్‌లో. చాలా ఫోన్ల తెర వెడల్పు బ్రౌజర్ లెక్కలో 360 నుంచి 430 వరకే ఉంటుంది. 560 వెడల్పు కిటికీ అందులో ఎలా పడుతుంది? అందుకే కుడివైపు తెగిపోయినట్టు కనబడుతుంది.

దీనికి మందు సులువే. ఐఫ్రేమ్‌కి 'స్టైల్' అనే మాట చేర్చి, అందులో మూడు విషయాలు చెప్పాలి. వెడల్పు 100 శాతం, ఎత్తు ఆటో, ఆస్పెక్ట్-రేషియో 16/9. ఇంతటితో తెర ఎంత ఉంటే వీడియో అంతకి సర్దుకుంటుంది. 360 వెడల్పుకు ఎత్తు సుమారు 202 వస్తుంది. ప్లేయర్ కనీసం 200 వెడల్పు, 200 ఎత్తు ఉండాలన్నది యూట్యూబ్ నియమం కూడా. కాబట్టి రెండు వీడియోలను ఫోన్ తెరపై పక్కపక్కన ఇరికించొద్దు. ఒకదాని కింద ఒకటి పెట్టండి. నిలువుగా తీసిన షార్ట్ వీడియోలకు 16/9 బదులు 9/16 ఇవ్వాలి, లేకపోతే రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి.

తెరంతా పరుచుకునే బటన్‌కు అనుమతి ఇచ్చే 'అలౌ ఫుల్‌స్క్రీన్' అనే మాట కోడ్‌లో ముందే ఉంటుంది. అది తీసేయొద్దు. చూపు తగ్గిన పెద్దవాళ్లకు ఆ బటనే ఆధారం. అలాగే 'టైటిల్' అనే చోట వీడియో పేరు సరిగ్గా రాయండి. చూపు లేనివాళ్ల ఫోన్ చదివి వినిపించేది ఆ పేరునే.

ఒకే వీడియో, ఉర్దూ పేజీ, తెలుగు పేజీ

మన ఇళ్లలో ఒక విచిత్రం ఉంది. నానీ ఉర్దూ చదువుతుంది, తెలుగు రాదు. మనవరాలు తెలుగు మీడియంలో చదివింది, ఉర్దూ మాట్లాడుతుంది గానీ చదవలేదు. బయాన్ మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇలాంటి చోట సబ్‌టైటిల్స్ ఎంతో పనికొస్తాయి.

ముందుగా యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియోకి ఉర్దూ, తెలుగు సబ్‌టైటిల్స్ రెండూ వేర్వేరుగా ఎక్కించాలి. తర్వాత ఎంబెడ్ కోడ్‌లో రెండు మాటలు చేర్చాలి. మొదటిది సీసీ-లోడ్-పాలసీ, విలువ 1. దీంతో ఎవరూ నొక్కకుండానే సబ్‌టైటిల్స్ కనబడతాయి. రెండోది సీసీ-లాంగ్-ప్రెఫ్. దీనికి తెలుగు పేజీలో 'టీ-ఈ' అని, ఉర్దూ పేజీలో 'యూ-ఆర్' అని రెండక్షరాల భాషా గుర్తు ఇవ్వాలి. ఈ పేర్లలో మాటల మధ్య మామూలు గీత కాదు, కింద ఉండే గీత, అంటే అండర్‌స్కోర్ పెట్టాలి. ప్లేయర్ బటన్ల మీద వచ్చే మాటలు కూడా తెలుగులో కావాలంటే 'హెచ్-ఎల్' అనే మాటకు అదే భాషా గుర్తు ఇస్తే సరి.

సబ్‌టైటిల్స్ ఎక్కించకుండా ఈ మాటలు ఎన్ని రాసినా ఏమీ కనబడదు. యంత్రం తనంతట తాను రాసే సబ్‌టైటిల్స్ మీద దీనీ విషయాల్లో ఆధారపడకండి. అరబీ మాటలు, ఆయతుల తర్జుమా అందులో తలకిందులయ్యే ప్రమాదం ఉంది. తెలిసినవాళ్లు ఒకసారి చదివి సరిచూశాకే పెట్టాలి. ఒక్క మాట తప్పితే అర్థమే మారిపోతుంది కదా.

చూసేవాళ్ల సమాచారం

ఎంబెడ్ కోడ్ తీసుకునేచోట 'ప్రైవసీ ఎన్‌హాన్స్‌డ్ మోడ్' అని చిన్న గడి ఉంటుంది. దానికి టిక్ పెడితే కోడ్‌లోని చిరునామా యూట్యూబ్-నోకుకీ అని మారుతుంది. ఇలా చూసిన వీడియో చూసినవాళ్ల యూట్యూబ్ సూచనల మీద ప్రభావం చూపదని యూట్యూబ్ చెబుతోంది. మధ్యలో ప్రకటనలు వచ్చినా అవి ఆ మనిషి అలవాట్లను బట్టి ఎంచినవి కావు. అక్కడి నుంచి నొక్కి అసలు యూట్యూబ్‌లోకి వెళ్తే మాత్రం మళ్లీ మామూలు పద్ధతే.

మక్తబ్, మదర్సా పేజీలకు ఈ టిక్ తప్పనిసరి అనుకోండి. 2023లో వచ్చిన మన దేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. చట్టం మాట అటుంచినా, నమ్మకంతో మన పేజీకి వచ్చిన పిల్లల సమాచారం మన దగ్గర అమానత్. అవసరం లేకుండా వేరేవాళ్లకు అప్పగించకూడదు.

ఇదే కోడ్‌లో 'రెఫరర్ పాలసీ' అని ఒక మాట ఉంటుంది. కోడ్ పొడుగ్గా ఉందని దాన్ని కత్తిరించొద్దు. మన సైట్ చిరునామా అందకపోతే ప్లేయర్ వీడియో బదులు 153 నంబరు ఎర్రర్ చూపించవచ్చు.

డేటా ఖర్చు

ఒక పేజీలో పది బయాన్‌లు వరుసగా ఎంబెడ్ చేశామనుకోండి. చూసేవాళ్లు ఒక్కటీ నొక్కకపోయినా పది ప్లేయర్లూ లోడవుతాయి. నెట్ నెమ్మదిగా ఉండే ఊళ్లో ఆ పేజీ తెరుచుకోవడమే గగనం. ఐఫ్రేమ్‌లో 'లోడింగ్' అనే మాటకు 'లేజీ' అనే విలువ ఇస్తే, చూసేవాళ్లు కిందికి జరుపుతూ ఆ వీడియో దగ్గరికి వచ్చినప్పుడే అది లోడవుతుంది. ఇది ఒక్క మాటే, లాభం చాలా పెద్దది. ఇంకా మేలైన పద్ధతి కావాలంటే, తాజా బయాన్ ఒక్కటే ఎంబెడ్ చేసి, పాతవాటికి బొమ్మ, పేరు, తేదీ పెట్టి లింక్ ఇవ్వండి.

ఇంటి వీడియోల విషయంలో జాగ్రత్త

నిఖా, వలీమా, ఆడపిల్లల మదర్సా జల్సా వీడియోలను 'అన్‌లిస్టెడ్'గా పెట్టి సైట్‌లో ఎంబెడ్ చేసేవాళ్లున్నారు. వెతికితే దొరకదు కాబట్టి భద్రమే అనుకుంటారు. అన్‌లిస్టెడ్ అంటే తలుపు దగ్గరగా వేసినట్టే, తాళం వేసినట్టు కాదు. పేజీ తెరవగలిగిన ఎవరైనా ఆ ప్లేయర్ నుంచే లింక్ తీసుకుని ఇంకొకరికి పంపగలరు. 'ప్రైవేట్' అని పెడితే అది సైట్‌లో నడవదు. కాబట్టి బయటివాళ్లు చూడకూడదనుకున్న వీడియోను వెబ్‌సైట్‌లో అసలు పెట్టకండి. ప్రైవేట్‌గా ఉంచి, ఎవరు చూడాలో వాళ్ల ఈమెయిల్‌తో మాత్రమే పంచండి. వీడియోలో ఉన్నవాళ్ల అనుమతి తీసుకోవడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

మన చేతిలో లేనివి

ప్రకటనలను ఎంబెడ్ చేసేవాళ్లు ఆపలేరు. ఛానల్ మనదే అయినా, దానిమీద మనకు ఆదాయం రాకపోయినా, యూట్యూబ్ తన ప్రకటనలు వేసుకునే హక్కు తన దగ్గరే ఉంచుకుంది. యూట్యూబ్ గుర్తు కనబడకుండా ప్లేయర్ మీద పచ్చటి పట్టీయో, మస్జిద్ బొమ్మో అతికించేవాళ్లు కూడా ఉన్నారు. అలా ప్లేయర్‌ను కప్పడం యూట్యూబ్ నియమాలకు విరుద్ధం. వీడియో యజమాని ఎంబెడింగ్ ఆపేసినా, వీడియో తీసేసినా మన పేజీలో నల్ల గడి మాత్రమే మిగులుతుంది. వేరేవాళ్ల వీడియో వాడితే ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ప్రకటన అసలు రాకూడదంటే ఒక దారి ఉంది. రెండు మూడు నిమిషాల చిన్న వీడియోలను, ఉదాహరణకు వుజూ నేర్పే వీడియో, ఒక చిన్న సూరా, మన సొంత సర్వర్‌లోనే పెట్టి 'వీడియో' అనే ట్యాగ్‌తో చూపించడం. 'కంట్రోల్స్' అనే మాట ఇస్తే బటన్లు వస్తాయి. 'పోస్టర్' ఇస్తే మనకు నచ్చిన బొమ్మ ముందు కనబడుతుంది. 'ప్రీలోడ్'కి 'నన్' అని ఇస్తే నొక్కేదాకా వీడియో దిగదు. ఇందులో ప్రకటనలుండవు, సూచనలుండవు. గంట బయాన్‌కి మాత్రం ఈ పద్ధతి ఖర్చుతో కూడింది. అలాంటి పెద్ద వీడియో వందలమంది చూస్తే మామూలు హోస్టింగ్ తట్టుకోలేదు.

పెట్టాక ఒకసారి పరీక్షించండి

వీడియో పెట్టి సేవ్ చేయడంతో పని అయిపోదు. కంప్యూటర్‌లో కాకుండా ఒక మామూలు ఫోన్‌లో, మన ఖాతా లేని ప్రైవేట్ విండోలో పేజీ తెరవండి. వీడియో తెరలో పూర్తిగా పడుతోందా? సరైన చోట మొదలవుతోందా? మధ్యలో ఆపితే ఏం కనబడుతోంది? చివరిదాకా జరిపి అయిపోయాక ఏం వస్తోంది? ఉర్దూ పేజీలో ఉర్దూ, తెలుగు పేజీలో తెలుగు సబ్‌టైటిల్స్ వస్తున్నాయా? ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. యూట్యూబ్ నియమాలు మారుతుంటాయి కాబట్టి రంజాన్‌కు ముందు, సైట్‌కు జనం ఎక్కువగా వచ్చే రోజులకు ముందు, పాత పేజీలను కూడా ఇలాగే ఒకసారి చూసుకోండి.

అన్నీ ఒకేసారి చేయలేకపోతే ముందు మూడు చేయండి. ఆర్-ఈ-ఎల్ సున్నా, ప్రైవసీ టిక్, ఫోన్‌కు సరిపోయే కొలత. మస్జిద్ కమిటీలో కంప్యూటర్ తెలిసిన ఒక్క కుర్రాడికి ఇది ఒక సాయంత్రం పని. అసర్ తర్వాత కూర్చుంటే ఇన్షా అల్లాహ్ మగ్రిబ్ లోపే అయిపోతుంది.